పెరటికోడి తెగులు: ఇంటి గుట్టు కాదు, ఊరి పని

ఉదయగిరి, ఆత్మకూరు సీమల రైతు ఆస్తిని లెక్కించువారు చేను, బావి, ఎద్దు, గేదె, గొఱ్ఱె అని లెక్కించి అక్కడితో నిలిచిపోవుదురు. పెరటిలో తిరుగు నాలుగు కోళ్లను ఎవ్వరును పద్దులో వ్రాయరు. అయినను వాన తప్పిన యేట, పైరు చేతికి రాని నెలలలో, ఇల్లాలి చేతిలో నాలుగు రూపాయలు ఆడుచున్నవన్న అవి తఱచుగా ఆ కోళ్లవలన వచ్చినవే. బిడ్డ పుస్తకములకు, బస్సు చార్జీకి, జ్వరము వచ్చిననాడు మందునకు ఒక పుంజును అమ్మి సర్దుకొను కుటుంబములు వెలిగొండల క్రింది గ్రామములలో ఎన్నియో గలవు. చేను లేని కూలివానికిని, మగవారు పనులకై దూరదేశములు పోయిన యిండ్లలోని స్త్రీలకును ఈ కోళ్లే బ్యాంకు. అట్టి బ్యాంకు వారము దినములలో తుడిచిపెట్టుకొని పోవుచున్నను మనము దానిని విధి యని యూరకుండుట న్యాయమా యని మేము సభ్యులను అడుగుచున్నాము.

నాటుకోడి యేటికి పెట్టునది సుమారు 50 మొదలు 70 గ్రుడ్లు మాత్రమే. అందులో కొన్ని పొదుగునకు పోవును, కొన్ని పిల్లలను గ్రద్దలును పిల్లులును గొనిపోవును. మిగిలినవి పెరిగి అమ్మకమునకు వచ్చు వేళకు తెగులు తగులును. ఒక్క పెట్ట కునుకుపట్టి మూల కూర్చున్న దినమున ఆ యింట జరుగునది మనకందఱకు తెలిసినదే. మొదట చూచిచూడనట్లు ఊరకుందురు. మఱునాడు పసుపో, వెల్లుల్లియో మ్రింగింతురు. మూడవనాడు ఇంక బ్రదుకదని తోచినప్పుడు రెండు త్రోవలే కనబడును. చావకముందే కోసి వండుకొనుట యొకటి, మిగిలిన కోళ్లను గంప క్రింద పెట్టి సంతకు పంపి వచ్చిన ధరకు వదలించుకొనుట రెండవది. చచ్చిన కోడిని పెంటమీదనో, వాగులోనో పాఱవైచుట మామూలు. కుక్క దానిని వీధివెంట ఈడ్చుకొనిపోవును. ఇది ఒకరి తప్పని మేము చెప్పుట లేదు. బీదవాడు నష్టములో సగమైనను దక్కించుకొన జూచుట సహజము. కాని ఆ సగము దక్కించుకొను ప్రయత్నమే ఊరి కోళ్లన్నిటి చావునకు దారి తీయుచున్నది.

జబ్బుపడిన కోడి యెల్ల ఒకే జబ్బుతో పడదు. ఈ సంగతి ముందుగా గ్రహింపవలయును. వేసవిలో మన యెండకు నోరు తెఱచి, ఱెక్కలు విడిచి, ఒగర్చుచున్న కోడికి కావలసినది మందు కాదు, నీడయు చల్లని నీరును. బరువు తగ్గి, తురాయి తెల్లబాఱి, మేత మేయుచునే చిక్కిపోవు కోడి కడుపులో పురుగులుండవచ్చును, లేదా గూటి పగుళ్లలో దాగి రాత్రివేళ రక్తము పీల్చు గోమార్లుండవచ్చును. అట్టియెడ గూటిని విప్పి, ఎండబెట్టి, సందులకు సున్నము కొట్టవలయును. పురుగుల మందు పశువైద్యుని యడిగి వేయవలయును. నాలుగైదు వారముల పిల్లలు రెట్టలో నెత్తురు వేసి ముడుచుకొనిన అది తడినేల జబ్బు. దానికి మందు గలదు, వేళకు వేసిన చాలవఱకు బ్రదుకును. తురాయిమీదను కంటి రెప్పలమీదను పొక్కులు లేచి చెక్కు కట్టిన అది మశూచి. దోమలవలనను, ఒకదానినొకటి పొడుచుకొనుటవలనను ప్రాకును. పొక్కులను పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటితో కడుగుచు, కన్ను మూసికొనిపోయిన కోడికి చేతితో మేతపెట్టి కాపాడిన పెద్దకోళ్లు పెక్కు తేఱుకొనును.

ఇవన్నియు ఒక యెత్తు, కొక్కెర తెగులు ఒక యెత్తు. ఆకుపచ్చగా, సున్నపునీరువలె తెల్లగా పలుచని రెట్ట వేయుట, మెడ చాచి గురగురమని ఊపిరి తీయుట, ముక్కునుండి నీరు కాఱుట, కొన్ని దినములు మిగిలినచో మెడ మెలితిరుగుట, కాలుగాని ఱెక్కగాని పడిపోవుట దీని గుఱుతులు. నేడు ఒకటి, ఎల్లుండి నాలుగు, వారమునకు గంప ఖాళీ. ఈ తెగులు 1926లో జావా ద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాసిలు పట్టణమునందును మొదట గుర్తింపబడినది. వెంటనే తరువాతి సంవత్సరములలో మన దేశమున కుమావూన్ కొండలలోని రాణీఖేతులో కానవచ్చుటచే దీనికి మన పశువైద్యులు రాణీఖేతు వ్యాధి యని పేరిడిరి. ఇది వైరసు వలన వచ్చునది. సోకిన పిమ్మట దీనిని కుదుర్చు మందు నేటికిని లేదు. పసుపు, వెల్లుల్లి హాని చేయకపోవచ్చును గాని ఈ తెగులును ఆపజాలవు. కిరసనాయిలు పోయుట కోడిని చంపుటయే. మనుష్యులకిచ్చు ఆంటీబయాటిక్ మాత్రలను అంగడిలో కొని పొడిచేసి పోయుట వలనను లాభము లేదు. ఆ మందులు వైరసుపై పనిచేయవు, పైగా గ్రుడ్డులోనికిని మాంసములోనికిని చేరి తినువానికి కీడు చేయగలవు.

మందు లేదు గాని టీకా గలదు. అదియు నిన్న మొన్న వచ్చినది కాదు. అదే కుమావూన్ కొండలలోని ముక్తేశ్వరము పరిశోధనాలయమున 1940 తరువాతి సంవత్సరములలో ఈ తెగులునకు టీకా సిద్ధమైనది. ఆర్-2-బి యని నేడు మన పశువైద్యశాలలలో వాడబడునది ఆ వంశపుదే. అంతకు ముందు 1879 ప్రాంతమున ఫ్రాన్సు దేశమునందు లూయీ పాశ్చరు కోళ్ల కలరాను పరిశోధించుచుండగా బలహీనపఱచిన క్రిమియే రక్షణ నిచ్చునని కనుగొనెను. నేడు మన బిడ్డలకు వేయించు టీకాల శాస్త్రమునకు కోడి యట్లు దారి చూపినది. అట్టి కోడికి, టీకా పుట్టి సుమారు 80 సంవత్సరములైనను, మన పెరటిలో అది చేరకుండుటకు కారణమేమి?

కారణము మేము తెలియజెప్పెదము, ఇదియే మా వ్రాతకు మూలము. టీకామందు ఒక్కొక్క కోడికి ఒక్కొక్క మోతాదుగా రాదు. నూరు మోతాదులు గాని, అంతకు మించి గాని, ఒకే సీసాలో వచ్చును. దానిని మంచులో నుంచి తేవలయును. ఎండ తగిలిన చెడును. ద్రావకముతో కలిపిన తరువాత గంట రెండు గంటలలో ముగింపవలయును, మిగిలినదానిని పాఱబోయవలయును. ఆఱు కోళ్లున్న ఇల్లాలు నూరు మోతాదుల సీసాను ఏమి చేసికొనును? ఆఱు కోళ్లకై మంచుపెట్టెతో ఆత్మకూరు పోయి వచ్చుట యెట్లు సాధ్యము? వేల కోళ్లను పెంచు షెడ్డు యజమానికి ఈ చిక్కు లేదు, అందుచే వాని కోళ్లు టీకా పొందుచున్నవి. పెరటికోడి చచ్చుచున్నది శాస్త్రము లేకపోవుటచేత కాదు, పొరుగిల్లు కలిసి రాకపోవుటచేత.

ఒక్కరివల్ల కానిది పదిమంది చేరి చేయుట సహకారము. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది చిన్నవానికి ఒంటిగా దొరకని అప్పు పదుగురి పూచీపై దొరకవలయుననియే గదా! ఎరువుబస్తాకు, విత్తనమునకు, అప్పునకు సంఘముండగా టీకాసీసాకు మాత్రము సంఘమేల పనికి రాదు? ఒక పల్లెలో 40 ఇండ్లు గలవనియు, ఇంటికి 6 కోళ్లు గలవనియు అనుకొందము. మొత్తము 240 కోళ్లు. మూడు సీసాలు, ఒక మంచుపెట్టె, ఒక ఉదయము చాలును. ఇంటికి పడు ఖర్చు ఒక గ్రుడ్డు వెలకు మించునో లేదో లెక్క వేసికొనుడు. ఒక్క పెట్ట వెలతో దానిని పోల్చి చూడుడు.

కావున ప్రతి ప్రాథమిక సంఘమును తన సభలో ఈ క్రింది యేర్పాటులను చర్చింపవలయునని మేము కోరుచున్నాము.

మొదటిది, ఏటికి రెండు పర్యాయములు, వేసవి తగులుటకు ముందొకసారియు, సంక్రాంతి రాకపోకలకు ముందొకసారియు, ఊరంతకు టీకాదినము నియమింపవలయును. పుట్టిన ఏడవ దినము ప్రాంతమున పిల్లలకు లసోటా చుక్కను కంటిలోగాని ముక్కులోగాని వేయుదురు. సుమారు ఎనిమిదవ వారమున ఆర్-2-బి టీకాను ఱెక్క క్రింద సూదితో నిత్తురు. తిరిగి యెప్పుడు వేయవలయునో, మశూచి టీకా యెప్పుడో పశువైద్యుడు చెప్పినట్లు నడచుకొనవలయును. టీకా ఆరోగ్యముగా నున్న కోడికే గాని జబ్బుకోడికి గాదు. వారము ముందుగా పురుగుల మందు వేసిన టీకా బాగుగ పట్టును. ఉదయముననే, కోళ్లను గంపనుండి విడువకముందే ఈ పని జరుగవలయును. ఒకసారి విడిచిన నాటుకోడిని పట్టుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు.

రెండవది, పల్లెకొక స్త్రీకి పశువైద్యశాలలో ఈ పని నేర్పించి, కోడికింత యని చిన్న రుసుము ఏర్పఱుపవలయును. కోళ్లు స్త్రీలవి, తెగులు మొదట కనిపెట్టునదియు వారే. మగవారు మాత్రమే కూర్చుండు సభలో కోళ్ల తీర్మానము చేసి ప్రయోజనము లేదు.

మూడవది, తెగులు పుట్టిన యింటికి సంఘము అండగా నిలువవలయును. ఈ విషయమున మా యభిప్రాయము స్పష్టము. కోడి చచ్చినదని చెప్పినవానికి నష్టమును, దాచి సంతలో అమ్మినవానికి లాభమును కలుగుచున్నంతకాలము ఎన్ని ఉపన్యాసము లిచ్చినను జనులు దాచుచునే యుందురు. సంఘసభ్యులు ఇంటికింత చొప్పున వేసికొని ఒక కోళ్లనిధిని ఏర్పఱుచుకొనవలయును. జబ్బు కనబడిన దినముననే తెలిపి, చచ్చినవానిని పూడ్చి, మిగిలినవానిని అమ్మక నిలిపిన యింటికి ఆ నిధినుండి తిరిగి పిల్లలను కొనుటకు సాయము చేయవలయును. దాచి అమ్మినవానికి దమ్మిడీ యీయరాదు. మొత్తము చిన్నదైనను నీతి పెద్దది.

దీనికి రెండాక్షేపణలు మా చెవిని పడుచున్నవి. కోళ్లవంటి అల్పవిషయములు సంఘమున కేలయని కొందఱందురు. చిన్న మొత్తములకే సహకారము పుట్టినదని వారికి మా సమాధానము. తెలిపినచో అధికారులు వచ్చి ఊరి కోళ్లనన్నిటిని చంపుదురను భయము రెండవది. ఇది నిరాధారమైన భయము కాదు గనుక విడమరచి చెప్పవలసియున్నది.

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, పొదలకూరు మండలము చాటగుట్లయందును, కోవూరు మండలము గుమ్మళ్లదిబ్బయందును కోళ్లు గుంపులుగా చచ్చినవి. నమూనాలను భోపాలులోని ప్రయోగశాలకు పంపగా బర్డ్‌ఫ్లూ యని తేలినది. ఆ చుట్టుపట్ల కోడిమాంసపు అంగళ్లను మూయించిరి, కోళ్ల రాకపోకలను నిలిపిరి. పొదలకూరు మన ఆత్మకూరునకు పెద్ద దూరమేమియు కాదు. బర్డ్‌ఫ్లూ కొక్కెర తెగులు వంటిదే గాని మఱింత క్రూరము. ముఖము వాచును, తురాయి నీలమగును, కాళ్లపై ఎఱ్ఱని మచ్చలు లేచును. ఒక్కొక్కప్పుడు ఏ గుఱుతును లేకయే తెల్లవాఱునప్పటికి గూడెల్ల చచ్చియుండును. కంటితో చూచి ఇది కొక్కెర, అది బర్డ్‌ఫ్లూ అని నిర్ణయించుట పశువైద్యునికే సాధ్యము కాదు, ప్రయోగశాల పరీక్ష కావలయును. అంతేగాక ఇది మనుష్యులకును అరుదుగా సోకగలదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేండ్ల పసిపాప ఈ రోగముచే మరణించినది. ఉడికిన మాంసమువలన, ఉడికిన గ్రుడ్డువలన భయము లేదు. 70 డిగ్రీల వేడి లోపలివఱకు తగిలిన ఈ వైరసు నశించును. ప్రమాదమంతయు జబ్బుకోడిని కోయుటలో, ఈకలు పెఱుకుటలో, పచ్చిమాంసమును ముట్టుటలో నున్నది. ఆ పని చేయునది ఇల్లాలు, ప్రక్కన కూర్చుండునది బిడ్డ. చచ్చుచున్న కోడిని కోసికొని తినుట పొదుపు గాదని చెప్పుటకు ఇంతకు మించిన కారణము కావలయునా?

ఇక అధికారుల భయము మాట. ప్రభుత్వ నిబంధన ప్రకారము పరిహారము లభించునది ప్రభుత్వపు ఉత్తరువుపై చంపబడిన కోళ్లకే గాని, అంతకు ముందే తెగులుతో చచ్చినవానికి గాదు. కావున ఆలస్యముగా తెలిపినవానికి కోడియు పోవును, పరిహారమును పోవును. దాచుట వలన లాభమనునది భ్రమ. ఒకటి రెండు దినములలో పెక్కు కోళ్లు చచ్చినచో ఆ దినముననే గ్రామములోని రైతుసేవా కేంద్రమునకు గాని, పశువైద్యశాలకు గాని తెలుపవలయును. పశువుల అంబులెన్సునకై 1962 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును.

వైద్యుడు వచ్చులోపల ఇల్లాలు చేయదగిన పనులు కొన్ని గలవు. ఒక్క కోడి కునుకుపట్టినను ఆ క్షణమే దానిని వేఱొక గంప క్రింద, మిగిలినవానికి దూరముగా, నీడలో నుంచవలయును. దాని నీటిమూకుడు, మేత వేఱుగా నుండవలయును. ముందు మంచికోళ్లకు మేతపెట్టి, చివఱనే జబ్బుకోడి వద్దకు పోవలయును. తరువాత సబ్బుతో చేతులు కడుగవలయును. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. రెట్టను ఊడ్చి కాల్చి, నేలపై సున్నము చల్లవలయును. చచ్చిన కోడిని వట్టిచేతితో ముట్టక, సంచి తొడిగి పట్టి, బావికిని చెఱువునకును దూరముగా మూడడుగుల గొయ్యి తీసి, సున్నము వేసి పూడ్చవలయును. మిగిలిన కోళ్లను పొరుగిండ్లకు పోనీయక కట్టడి చేయవలయును. సంతనుండి తెచ్చిన కోడిని గాని, పందెమునుండి తిరిగివచ్చిన పుంజును గాని, చుట్టములిచ్చిన పెట్టను గాని మూడు వారములు విడిగా నుంచిన పిమ్మటనే గుంపులో కలుపవలయును. సంక్రాంతి పందెములలో పది యూళ్ల పుంజులు ఒకచోట చేరును. గెలిచిన పుంజు డబ్బుతోపాటు తెగులును ఇంటికి తేగలదు.

జబ్బుకోడిని సంతలో అమ్ముటను గూర్చి ఒక్క మాట. కొనువాడు మనవంటి బీదవాడే. వాని పెరటిలో నాలుగు కోళ్లుండును, వాని భార్యయు ఆ నాలుగింటిపై ఆశపెట్టుకొని యుండును. మనము చేతులు దులుపుకొని తెచ్చుకొన్న రూపాయలు వాని యింటి గంపను ఖాళీ చేసిన రూపాయలు. మఱుసటి యేడు అట్లే వేఱొకడు మనకు అమ్మును. ఉదయగిరి సంతలోనైనను, ఆత్మకూరు సంతలోనైనను తెగులుకోడి దిగరాదని కొనువారును అమ్మువారును కలిసి కట్టడి చేసికొనినచో ఏ అధికారియు చేయలేని మేలు జరుగును.

వనరాజ, గ్రామప్రియ వంటి పెరటికోళ్ల జాతులను హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధనాలయమువారు సిద్ధపఱచియున్నారు. అవి నాటుకోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. వానిని తెచ్చుకొనవలయునని మన సభ్యులు కొందఱు ఉత్సాహపడుట మంచిదే. కాని టీకా లేని పెరటిలో మేలుజాతి కోడియైనను ఆ వారమే చచ్చును, పైగా ఎక్కువ వెలకు కొన్నది గనుక ఎక్కువ నష్టము. ముందు గూడు బాగుపడవలయును, తరువాత జాతి.

మేము కోరునది పెద్ద పెట్టుబడి కాదు, క్రొత్త చట్టము కాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఒక్క తీర్మానము చేసి, తన గ్రామములోని కోళ్ల లెక్క వ్రాసి, పశువైద్యునికి పంపిన చాలును. లెక్క వ్రాసిననాడు ఎన్ని సీసాలు కావలయునో తెలియును. సీసాలు తెలిసిననాడు దినము కుదురును. ఈ వేసవికి ముందే ఆ పని చేసిన సంఘము మాకు తెలిపినచో, అచట ఎన్ని కోళ్లు టీకా పొందినవో, ఎన్ని నిలిచినవో ఈ పత్రికలో ప్రకటించి తక్కిన గ్రామములకు మార్గము చూపుదుము. ఇంటింటి గంప క్రింద నున్న ఆఱు కోళ్లు ఎవరికివారు కాపాడుకొనజాలనివి. అందఱు కలిసినచో కాపాడుకొనగలవారమే.